మద్దతు ముగిసిన కంప్యూటర్ల భద్రత – కార్యాలయాలు పాటించవలసిన జాగ్రత్తలు

పులికాట్ (తిరుపతి జిల్లా):

విండోస్ 10 ఆపరేటింగ్ సిస్టమ్‌కు మైక్రోసాఫ్ట్ సంస్థ అందిస్తూ వచ్చిన సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14వ తేదీతో ముగిసింది. అంతకు పూర్వం విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 8.1కు 2023 జనవరి 10న ఇదే విధంగా మద్దతు నిలిచిపోయింది. ఆయా తేదీల మరునాడు ఏ కార్యాలయంలోనూ కంప్యూటర్లు ఆగిపోలేదు. ధ్రువపత్రాలు ముద్రితమయ్యాయి, బిల్లులు తయారయ్యాయి, ఫైళ్లు తెరుచుకున్నాయి. పైకి ఏ మార్పూ కనిపించకపోవడమే ఈ సమస్యలోని అసలు ప్రమాదం. ఈ నేపథ్యంలో పాత కంప్యూటర్లను వెంటనే మార్చలేని కార్యాలయాలు వాటిని ఎంతవరకు, ఏ షరతులపై, ఎంతకాలం వినియోగించవచ్చునో అధికారులు, పాత్రికేయులు తెలుసుకొనుట అవసరం.

పులికాట్ తీర మండలాలలో ఈ అవసరం మరింత ఎక్కువ. సరస్సుకు తూర్పున రాకెట్ ప్రయోగాలకు ప్రసిద్ధి చెందిన శ్రీహరికోట, పడమటి ఒడ్డున సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం మండలాల గ్రామాలు ఉన్నాయి. ఇరకం వంటి దీవి గ్రామాల ప్రజలు తరతరాలుగా పడవలపైనే రాకపోకలు సాగిస్తూ వచ్చారు. ఇటువంటి చోట ఒక కంప్యూటర్ పాడైతే మరమ్మతు నిపుణుడు రావడానికి సమయం పడుతుంది. ఆ లోపు పింఛను కోసమో, భూమి పత్రం కోసమో వచ్చిన మత్స్యకారుడు, రైతు ఆ రోజు కూలి వదులుకొని వెనుదిరగవలసి వస్తుంది.

మద్దతు ముగియడమంటే ఏమిటి?

ఆపరేటింగ్ సిస్టమ్ కోట్లాది పంక్తుల సూచనలతో కూడిన కార్యక్రమం. అందులోని లోపాలు సంవత్సరాల తరబడి ఒక్కొక్కటిగా బయటపడుతూనే ఉంటాయి. లోపం బయటపడినప్పుడు తయారీ సంస్థ దానిని పూడ్చే చిన్న సవరణను విడుదల చేస్తుంది. దీనినే ప్యాచ్ అంటారు. మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణంగా ప్రతి నెలా రెండవ మంగళవారం ఈ సవరణలను విడుదల చేస్తుంది. మద్దతు ముగిసిన తరువాత ఈ సవరణలు రావు.

చెక్క పడవకు ఏటేటా అడుగు భాగం పరీక్షించి, పగుళ్లు పూడ్చి, నూనె పట్టించే పని ఎటువంటిదో కంప్యూటర్‌కు ఈ సవరణలు అటువంటివి. ఆ పని మానివేసిన పడవ మరునాడే మునగదు. అయితే కంప్యూటర్ విషయంలో మరొక చిక్కు ఉన్నది. కొత్త వ్యవస్థకు సవరణ విడుదలైనప్పుడు, లోపం ఎక్కడ ఉన్నదో ఆ సవరణే దాడిదారులకు తెలియజేస్తుంది. అదే లోపం పాత వ్యవస్థలో కూడ ఉంటే, దానికి మాత్రం ఆ సవరణ అందదు. ఆ విధంగా పాత కంప్యూటర్‌కు ముప్పు నెలనెలా పెరుగుతూ పోతుంది.

యాంటీవైరస్ ఉన్నందున భయం లేదన్న అభిప్రాయం కార్యాలయాలలో తరచుగా వినిపిస్తుంది. యాంటీవైరస్ తనకు తెలిసిన హానికర కార్యక్రమాలను గుర్తించగలదే తప్ప ఆపరేటింగ్ సిస్టమ్‌లోని లోపాన్ని పూడ్చలేదు. కాలక్రమంలో ఇతర సాఫ్ట్‌వేర్లు సైతం పాత వ్యవస్థను విడిచిపెడతాయి. గూగుల్ క్రోమ్ బ్రౌజర్ విండోస్ ఎక్స్‌పీకి 2016లో, విండోస్ 7కు 2023లో కొత్త వెర్షన్లు ఇవ్వడం నిలిపివేసింది.

2017 మే నెల నేర్పిన పాఠం

రాష్ట్రంలో ఈ ముప్పు ఎంత వాస్తవమైనదో 2017 మే నెలలో వెల్లడైంది. ఆ నెల 12వ తేదీ శుక్రవారం నాడు వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా వ్యాపించింది. ఇది కంప్యూటర్‌లోని ఫైళ్లను తెరవడానికి వీలు లేకుండా గూఢలిపిలోకి మార్చి, వాటిని విడిపించేందుకు 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు చెల్లించాలని డిమాండ్ చేసింది. గడువు దాటితే ఆ మొత్తం రెట్టింపు. యూరోపోల్ అంచనా ప్రకారం సుమారు 150 దేశాలలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి.

ఆనాటి వార్తా సంస్థల కథనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలోని 18 పోలీసు యూనిట్లలో కంప్యూటర్లు ప్రభావితమయ్యాయి. కొద్ది రోజులకే తిరుమల తిరుపతి దేవస్థానంలో పరిపాలనా పనులకు వాడే కొన్ని కంప్యూటర్లకు కూడ ఇది సోకినట్లు వెల్లడైంది. నేడు తిరుపతి జిల్లా కేంద్రమైన తిరుపతి అప్పటికి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పాటైంది.

బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల వ్యవస్థ తీవ్రంగా దెబ్బతిన్నది. ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయం 2017 అక్టోబర్‌లో ప్రచురించిన నివేదికలో 6,912 వైద్య అపాయింట్‌మెంట్లు రద్దయినట్లు గుర్తించింది. మొత్తం మీద ఈ సంఖ్య 19 వేలు దాటి ఉండవచ్చునని అంచనా వేసింది.

ఈ దాడిలో రెండు అంశాలు ప్రత్యేకంగా గమనించదగినవి. మొదటిది, దాడికి కారణమైన లోపానికి మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14నే సవరణ విడుదల చేసింది. అనగా దాదాపు రెండు నెలల వ్యవధి లభించింది. రెండవది, కాస్పర్‌స్కీ సంస్థ లెక్క ప్రకారం ప్రభావితమైన కంప్యూటర్లలో సుమారు 98 శాతం విండోస్ 7తో పనిచేస్తున్నవి. ఆనాటికి విండోస్ 7కు మద్దతు ఉన్నది. సవరణ అందుబాటులో ఉన్నది. దానిని అమర్చుకోకపోవడమే నష్టానికి దారి తీసింది. మద్దతు ఉన్న వ్యవస్థ కూడ సవరణలు అమర్చకపోతే మద్దతు లేని వ్యవస్థతో సమానమేనని దీనిని బట్టి తెలుస్తున్నది.

మద్దతు ముగిసి మూడేళ్లు గడిచిన విండోస్ ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ సందర్భంలో ప్రత్యేకంగా సవరణ విడుదల చేసింది. 2019 మే నెలలో బయటపడిన మరొక తీవ్ర లోపానికి కూడ ఇదే విధంగా చేసింది. ఇవి అసాధారణ పరిస్థితులలో ఇచ్చిన మినహాయింపులు. ప్రతి లోపానికి ఇటువంటి సహాయం లభిస్తుందని భావించి కార్యాలయాలు నిశ్చింతగా ఉండరాదు.

పాత కంప్యూటర్లు ఎందుకు మిగులుతాయి?

ఆంధ్రప్రదేశ్‌లో కార్యాలయాల కంప్యూటరీకరణ దేశంలోని అనేక రాష్ట్రాల కంటే ముందుగా ప్రారంభమైంది. రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ విధానం 1998 నవంబర్ 4న అమలులోకి వచ్చింది. మీ సేవ 2011 నవంబర్‌లో చిత్తూరు జిల్లాలో మొదలైంది. గ్రామ, వార్డు సచివాలయ వ్యవస్థ 2019 అక్టోబర్ 2న ఆరంభమైంది. ప్రతి దశలో కొనుగోలు చేసిన కంప్యూటర్లకు వేర్వేరు వయస్సులు ఉండడం సహజం.

నిధుల కొరత ఒక్కటే ఇందుకు కారణం కాదు. ఒక ప్రత్యేక సాఫ్ట్‌వేర్ పాత వ్యవస్థపై మాత్రమే నడవవచ్చు. స్కానర్, వేలిముద్రల పరికరం, ప్రయోగశాల యంత్రం వంటివి కొత్త వ్యవస్థతో పనిచేయకపోవచ్చు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కనీసం 4 జీబీ మెమరీ, నిర్ణీత తరగతికి చెందిన ప్రాసెసర్ ఉండాలి. 2018కి ముందు కొన్న కంప్యూటర్లలో అధిక భాగం ఈ అర్హతలకు నోచుకోవు. ఈ కారణాల వలన చక్కగా పనిచేస్తున్న యంత్రమే మద్దతు లేనిదిగా మారుతుంది.

మొదటి పని – జాబితా తయారీ

ప్రతి కార్యాలయం తన వద్ద ఉన్న కంప్యూటర్లన్నింటికీ ఒక జాబితా రూపొందించుకోవలెను. విండోస్ కీతో పాటు ఆర్ అక్షరాన్ని నొక్కి, వచ్చిన పెట్టెలో విన్‌వర్ ఆజ్ఞను ఇంగ్లీషు అక్షరాలలో ఇచ్చినట్లయితే వెర్షన్ వివరం కనిపిస్తుంది. యంత్రం ఎక్కడ ఉన్నది, దానిపై జరిగే పని ఏది, ఇంటర్నెట్‌తో సంబంధం ఉన్నదా, చివరిసారి సవరణ అమర్చిన తేదీ ఏది, బాధ్యుడైన ఉద్యోగి ఎవరు అనే వివరాలు ఆ జాబితాలో ఉండాలి. మూలన పడి ఉండి, అప్పుడప్పుడు మాత్రమే వెలిగే కంప్యూటర్లను కూడ చేర్చాలి.

పేరు ఒకటే అయినా రకాన్ని బట్టి గడువు మారుతుంది. ఉదాహరణకు విండోస్ 10లో ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 అనే ప్రత్యేక రకానికి 2027 జనవరి 12 వరకు మద్దతు ప్రకటించబడింది. కనుక జాబితాలో కేవలం విండోస్ 10 అని వ్రాసి ఊరుకోకుండా పూర్తి వివరం నమోదు చేయవలెను.

అందుబాటులో ఉన్న మార్గాలు

అర్హత గల కంప్యూటర్‌లో విండోస్ 11 అమర్చుట అన్నింటికంటె సులువైన మార్గం. అర్హత లేని యంత్రానికి రెండవ మార్గం రుసుముపై లభించే పొడిగింపు భద్రతా సవరణలు. సంస్థలకు విండోస్ 10 విషయంలో ఈ సదుపాయం గరిష్ఠంగా మూడు సంవత్సరాలు, అనగా 2028 అక్టోబర్ వరకు లభిస్తుంది. మొదటి సంవత్సరం ఒక్కొక్క కంప్యూటర్‌కు 61 డాలర్లుగా ప్రకటించిన రుసుము ఏటేటా రెట్టింపవుతుంది. మూడు సంవత్సరాలకు మొత్తం 427 డాలర్లు అవుతున్నందున, ఇది కొత్త కంప్యూటర్ కొనుగోలు వరకు గడువు ఇచ్చే ఏర్పాటుగా మాత్రమే పరిగణించవలెను.

మూడవ మార్గం అదే యంత్రంపై లైనక్స్ ఆధారిత వ్యవస్థను అమర్చడం. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ రూపొందించిన భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ ఇటువంటిదే. దీనినే బాస్ అని వ్యవహరిస్తారు. బ్రౌజర్ ద్వారా సాగే పనులకు, ఉత్తరాలు టైపు చేసుకొనుటకు ఇటువంటి వ్యవస్థ సరిపోతుంది. అయితే కార్యాలయపు సాఫ్ట్‌వేర్, తెలుగు ఫాంట్లు, ప్రింటర్, డిజిటల్ సంతకపు పరికరం దానితో సరిగా పనిచేస్తున్నాయో లేదో ఒక యంత్రంపై పరీక్షించిన పిమ్మటనే మిగిలిన వాటికి విస్తరించవలెను.

నాల్గవ మార్గం, పై మూడూ సాధ్యం కానప్పుడు, పాత యంత్రాన్ని మిగిలిన ప్రపంచం నుండి వేరు చేసి పరిమితమైన పనికి ఉంచుకోవడం.

తప్పనిసరిగా ఉంచవలసి వస్తే

ముందుగా మద్దతు ముగిసే నాటికి విడుదలైన సవరణలన్నింటినీ ఆ యంత్రంలో అమర్చాలి. పిదప ఇంటర్నెట్ సంబంధాన్ని తొలగించాలి. కేబుల్‌తో పాటు వైఫై సదుపాయాన్ని కూడ నిలిపివేయాలి. పని నిమిత్తం కార్యాలయ నెట్‌వర్క్‌తో సంబంధం తప్పనిసరైతే, అటువంటి యంత్రాలను ప్రత్యేక విభాగంలో ఉంచి, ఫైర్‌వాల్ ద్వారా అవసరమైన ఒక్క సర్వర్‌తో మాత్రమే మాట్లాడేలా నియంత్రించాలి.

వన్నాక్రై ఒక కంప్యూటర్ నుండి మరొక దానికి 445వ నంబరు పోర్టు ద్వారా, ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్ అనే పాత ఫైళ్ల మార్పిడి విధానంలోని లోపం ద్వారా ప్రవేశించింది. ఆ విధానాన్ని నిలిపివేయాలి. దూరం నుండి కంప్యూటర్‌ను నడిపేందుకు వాడే రిమోట్ డెస్క్‌టాప్ సదుపాయాన్ని, దానికి సంబంధించిన 3389వ నంబరు పోర్టును మూసివేయాలి.

నిత్యం పనిచేసే ఉద్యోగికి అడ్మినిస్ట్రేటర్ అధికారాలు లేని సాధారణ ఖాతా మాత్రమే ఇవ్వాలి. అవసరమైన ఒకటి రెండు కార్యక్రమాలు తప్ప మరేదీ నడవకుండా నియంత్రించాలి. ఆ యంత్రంలో ఈ-మెయిల్, బ్యాంకు లావాదేవీలు, ఇంటర్నెట్ వీక్షణ పూర్తిగా నిషేధించాలి. అధికారి డిజిటల్ సంతకపు డాంగిల్‌ను మద్దతు లేని కంప్యూటర్‌కు ఎట్టి పరిస్థితులలోనూ తగిలించరాదు. ఆ యంత్రం పరుల అధీనంలోకి వెళితే అధికారి సంతకం కూడ వారి చేతికి చిక్కే ప్రమాదం ఉన్నది.

పాత సాఫ్ట్‌వేర్ మాత్రమే అవసరమై, పాత యంత్రంతో పని లేనప్పుడు, కొత్త కంప్యూటర్ లోపల వర్చువల్ మెషిన్‌గా పాత వ్యవస్థను నడుపుకోవచ్చు. అప్పుడు కూడ ఆ వర్చువల్ మెషిన్‌కు నెట్‌వర్క్ సంబంధం లేకుండా చూడాలి.

పెన్‌డ్రైవ్‌తో జాగ్రత్త

ఇంటర్నెట్ లేని కంప్యూటర్‌కు ఏ ముప్పూ లేదనుకోవడం పొరపాటు. ఇరాన్ అణు కేంద్రంలోని యంత్రాలను దెబ్బతీసి 2010లో వెలుగులోకి వచ్చిన స్టక్స్‌నెట్ యూఎస్‌బీ పరికరాల ద్వారా కూడ వ్యాపించగలిగినది. కార్యాలయంలో ఒకే పెన్‌డ్రైవ్ జిరాక్స్ దుకాణానికి, ఉద్యోగి ఇంటికి, తిరిగి కార్యాలయానికి ప్రయాణించడం మామూలే.

కనుక పాత యంత్రం కొరకు ప్రత్యేకంగా ఒక పెన్‌డ్రైవ్‌ను కేటాయించి, దానిని బీరువాలో భద్రపరచవలెను. బయటి ఫైళ్లను మొదట సవరణలు అమర్చిన కంప్యూటర్‌లో పరీక్షించిన తరువాతనే పాత యంత్రానికి తీసుకుపోవాలి. తగిలించిన వెంటనే దానంతట అదే తెరుచుకొనే ఆటోరన్ సదుపాయాన్ని నిలిపివేయాలి. ఎవరు, ఏ రోజు, ఏ ఫైలును ఎక్కించారో ఒక రిజిస్టరులో వ్రాసుకొనుట మంచిది.

బ్యాకప్ – తుపానులకు, దాడులకు ఒకే మందు

ర్యాన్సమ్‌వేర్ దాడి అనంతరం ఫైళ్లను నమ్మకంగా తిరిగి పొందే మార్గం ముందుగా తీసి ఉంచిన ప్రతి మాత్రమే. సమాచారానికి మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల సాధనాలపై, వాటిలో ఒకటి వేరొక ప్రదేశంలో ఉండాలన్నది సర్వత్రా ఆమోదం పొందిన సూత్రం. బ్యాకప్ తీసిన హార్డ్ డిస్క్‌ను కంప్యూటర్‌కు తగిలించి ఉంచినట్లయితే ర్యాన్సమ్‌వేర్ దానిని కూడ తాళం వేస్తుంది. పని పూర్తి కాగానే దానిని విడదీయాలి.

పులికాట్ ప్రాంతానికి ఈ సూత్రంలోని చివరి అంశం మరింత ముఖ్యం. ఈశాన్య రుతుపవనాల కాలంలో, విశేషించి నవంబర్, డిసెంబర్ నెలలలో ఇక్కడ భారీ వర్షాలు సహజం. 2023 డిసెంబర్ 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తుపాను తిరుపతి, నెల్లూరు జిల్లాలను వర్షాలతో ముంచెత్తింది. కంప్యూటర్, దాని బ్యాకప్ ఒకే గదిలో ఉంటే రెండూ ఒకేసారి తడుస్తాయి. కనుక ఒక ప్రతిని పాస్‌వర్డ్ రక్షణతో, నీరు చేరని మరో ఊరిలోని పై కార్యాలయంలో భద్రపరచడం శ్రేయస్కరం. కనీసం మూడు నెలలకు ఒకసారి ఆ ప్రతి నుండి కొన్ని ఫైళ్లను తెరిచి చూడాలి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్లే.

దాడి జరిగినట్లు అనుమానం కలిగితే

మొదటగా నెట్‌వర్క్ కేబుల్‌ను తీసివేసి, వైఫై ఆపివేయాలి. పక్కనున్న కంప్యూటర్లను కూడ నెట్‌వర్క్ నుండి విడదీయాలి. తెరపై కనిపించే సందేశాన్ని ఫోటో తీసి ఉంచాలి. సొంతంగా మరమ్మతులకు పూనుకొని ఆధారాలను చెరిపివేయరాదు. సొమ్ము చెల్లించినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న హామీ లేదు.

కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం, సైబర్ సంఘటనను గమనించిన 6 గంటలలోగా ఆ సంస్థకు తెలియజేయాలి. కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి. ప్రభుత్వ సంస్థలకు కూడ ఈ ఆదేశాలు వర్తిస్తాయి. ఆర్థిక మోసం జరిగిన పక్షంలో జాతీయ సైబర్ నేర సహాయ నంబరు 1930కు ఫోన్ చేయవచ్చు.

ప్రజల సమాచారాన్ని కాపాడుట చట్టపరమైన బాధ్యతగా కూడ మారుతున్నది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తగిన భద్రతా చర్యలు తీసుకోకపోవడానికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానాను నిర్దేశించింది. దీని నియమావళి 2025 నవంబర్‌లో ప్రకటితమైంది. అందలి బాధ్యతలు దశలవారీగా అమలులోకి వచ్చేలా ఏర్పాటు జరిగింది.

గడువు లేని మినహాయింపు ఉండరాదు

పాత వ్యవస్థను కొనసాగించుటకు ఇచ్చే ప్రతి అనుమతికి చివరి తేదీ, బాధ్యుడైన అధికారి హోదా వ్రాతపూర్వకంగా ఉండాలి. ఇందుకు రిజర్వు బ్యాంకు అనుసరించిన పద్ధతి మంచి ఉదాహరణ. విండోస్ ఎక్స్‌పీ తదితర మద్దతు లేని వ్యవస్థలపై నడిచే ఏటీఎంలను మార్చేందుకు ఆ బ్యాంకు 2018 జూన్‌లో దశలవారీ గడువు విధించింది. అదే సంవత్సరం సెప్టెంబర్ నాటికి 25 శాతం, డిసెంబర్ నాటికి 50 శాతం, 2019 మార్చి నాటికి 75 శాతం, జూన్ నాటికి నూరు శాతం ఏటీఎంలను మార్చాలని బ్యాంకులను ఆదేశించింది. ఇదే పద్ధతిలో ప్రజలతో నేరుగా సంబంధం ఉన్న, ఇంటర్నెట్‌తో కలిసి ఉన్న యంత్రాలను మొదట, విడిగా ఉన్న వాటిని తరువాత మార్చేలా ప్రణాళిక వేసుకోవచ్చు.

తొలగించిన యంత్రాల విషయంలోనూ అప్రమత్తత అవసరం. హార్డ్ డిస్క్‌లోని సమాచారాన్ని తిరిగి పొందే వీలు లేకుండా చెరిపివేసిన పిదపనే, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలకు లోబడి నమోదిత రీసైక్లర్‌కు అప్పగించాలి.

పాత్రికేయులు ఇటువంటి సంఘటనలపై వార్తలు వ్రాసే సందర్భంలో ఎన్ని కంప్యూటర్లు పాడయ్యాయనే దానితో పాటు మరికొన్ని ప్రశ్నలు అడగవచ్చు. సవరణ ఎప్పుడు విడుదలైంది, ఎప్పుడు అమర్చారు, బ్యాకప్ నుండి సేవలు ఎంతసేపటికి పునరుద్ధరించబడ్డాయి, పాత యంత్రాల తొలగింపునకు గడువు ఉన్నదా అనేవి అందులో ముఖ్యమైనవి.

సరస్సు దాటి, ఒక పూట పని మానుకొని కార్యాలయానికి వచ్చే పౌరునికి కౌంటరు వెనుక ఉన్న కంప్యూటర్ ఏ వెర్షన్‌దో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. తన పేరు, తన భూమి, తన పింఛను వివరాలు అందులో భద్రంగా ఉన్నాయని అతడు విశ్వసిస్తున్నాడు. ఆ విశ్వాసాన్ని నిలబెట్టుటకు ప్రతి కార్యాలయం నేడే చేయగలిగిన మొదటి పని, ఖర్చు ఏమాత్రం లేనిది, తన వద్ద ఉన్న కంప్యూటర్ల జాబితాను తయారు చేసుకొనుట.